కూర్చున్నవాళ్ళంతా ఒప్పుకున్నట్టే

మా పురసభలో ఏ సమావేశానికైనా ముందురోజు సాయంత్రానికే మినిట్స్ సిద్ధంగా ఉంటాయి. ఇది విని ముక్కున వేలేసుకునేవాళ్ళంటే నాకు జాలి. పెళ్ళికి ముందే శుభలేఖలు అచ్చు వేయించుకోరా? మేమూ అంతే. ఏం జరగాలో ముందే తెలిసినప్పుడు, అది జరిగేదాకా ఆగి రాయడం ఒట్టి చాదస్తం. పదిహేడేళ్ళుగా ఆ రాత పని నాదే.

"అధ్యక్షులవారు ప్రతిపాదనను సవివరంగా తెలియజేశారు. సభికులు శ్రద్ధగా ఆలకించారు. సుదీర్ఘ చర్చ అనంతరం ఏకగ్రీవంగా ఆమోదించారు. వందన సమర్పణతో సభ ముగిసింది." ఈ నాలుగు వాక్యాలూ నా కంప్యూటర్లో ఎప్పుడూ కాచుకుని కూర్చుంటాయి. తేదీ, ప్రతిపాదన పేరు మారిస్తే చాలు. ఒకసారి హడావుడిలో శ్మశానం గోడ ఎత్తు పెంచే ఫైలులో "లబ్ధిదారులు స్వయంగా హాజరై హర్షం వ్యక్తం చేశారు" అని పడిపోయింది. పై కార్యాలయం వారు దాన్ని కూడా ఆమోదించి పంపారు. అప్పటినుంచి పైవాళ్ళ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ప్రజలను అడక్కుండా మేమేమీ చెయ్యం, ఆ మాట ముందే చెప్పాలి. ప్రతి పనికీ ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. దానికి పద్నాలుగో నియమం ఉంది, హాల్లో గోడకి ఫ్రేము కట్టించి మరీ పెట్టాం: అభ్యంతరం ఉన్నవాళ్ళు నిలబడాలి, సమ్మతించేవాళ్ళు కూర్చోవాలి. వెనకటి కాలంలో చేతులెత్తించేవాళ్ళట. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు ఆవులించి ఒళ్ళు విరుచుకున్నారో తెలిసేది కాదట. ఎవరో పాత అధ్యక్షుడు బుర్ర ఉపయోగించి ఈ నియమం పెట్టాడు.

నిజంగా గొప్ప బుర్ర. నలభై మంది కూర్చున్న చోట ఒక్కడు లేవాలంటే ఎంత ధైర్యం కావాలి? ఎదురుగా వేదిక మీద నల్లా కనెక్షన్లు ఇచ్చేవాళ్ళూ, దుకాణాల లైసెన్సులు ఇచ్చేవాళ్ళూ కూర్చుని చూస్తుంటారు. పైగా మా హాల్లోవి ఇరుకు ప్లాస్టిక్ కుర్చీలు. కాస్త ఒళ్ళున్న మనిషి లేస్తే కుర్చీ కూడా వెంట లేస్తుంది. పదిహేడేళ్ళలో లేచినవాళ్ళు నలుగురు. అందులో ఒకాయన బాత్రూముకి వెళ్ళడానికి లేచాడు. "అభ్యంతరం తెలిపి, అనంతరం ఉపసంహరించుకున్నారు" అని రాశాను.

ఇక మా ఆయన తల్లి, మా అత్తయ్య సంగతి. ముప్ఫై రెండేళ్ళు బడిలో నిలబడి లెక్కలు చెప్పి, మోకాళ్ళను నల్లబల్ల ముందే అరగదీసుకున్న మనిషి. మూడేళ్ళుగా చక్రాల కుర్చీలోనే ఉంటోంది. కాళ్ళు పోయాయి గానీ నోరు భేషుగ్గా ఉంది. మా వీధి చివర చిన్న ఆసుపత్రి ఉంది. వారానికి రెండుసార్లు నేను అక్కడికి కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్తాను. కసరత్తు చేయించే డాక్టరమ్మ ఆవిణ్ణి రెండు ఇనుప కడ్డీల మధ్య నిలబెడుతుంది. అత్తయ్యే గట్టిగా సెకన్లు లెక్కపెట్టుకుంటుంది. మొదట్లో నాలుగు. ఇప్పుడు పందొమ్మిది. అరవైకి వస్తే తన చీర తనే కట్టుకోగలనని ఆవిడ లెక్క.

పోయిన ఏడాది మా వీధి బస్‌స్టాప్ ఎత్తేశారు. ఆ సేకరణకి అత్తయ్య పట్టుబట్టి వచ్చింది. అధ్యక్షుడు కార్డు చూసి నియమం చదివాడు. ఎవరూ లేవలేదు. అప్పుడు చివరి వరుస పక్కన, చక్రాల కుర్చీలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. బళ్ళో పిల్లలు ఎత్తుతారే, మోచెయ్యి వంచకుండా, అట్లా. నేను చూశాను. చూసి తల దించుకుని, ముందురోజే రాసేసిన మినిట్స్ కింద గీత గీసుకున్నాను. ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది.

"నా చెయ్యి ఎవరికీ కనపళ్ళేదంటావా?"

"అధ్యక్షులవారు చూసే ఉంటారులెండి అత్తయ్యా," అన్నాను. ఆయన చూసుంటే ఆవిడ ఇంకేం మాట్లాడుతుంది? బస్‌స్టాప్ పోయాక ఆవిడ చక్రాల కుర్చీలో వెళ్ళగలిగిన చోటు వీధి చివరి ఆసుపత్రి ఒక్కటే మిగిలింది.

ఈ ఏడాది ఆ ఆసుపత్రి మీద పడ్డారు. దాన్ని ఊరి అవతల, బైపాస్ దాటాక కట్టిన కొత్త భవనంలోకి మారుస్తారట. ఆ స్థలంలో కార్లు నిలుపుకోవడానికి మూడంతస్తుల కట్టడం లేపుతారట. కార్లకి కూర్చోవడానికి చోటు లేక పాపం ఇబ్బంది పడుతున్నాయి కదా! ఆ కొత్త భవనానికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. బస్సెక్కాలంటే స్టాప్ ఉండాలి. అంటే పందొమ్మిది సెకన్ల దగ్గరే మా అత్తయ్య లెక్క ఆగిపోతుంది.

ఇది ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ముందురోజు మధ్యాహ్నం నేను ఆఫీసులో కూర్చుని నాలుగు వాక్యాలూ బయటికి తీశాను. తేదీ మార్చాను. 'వీధి కూడలి ఆసుపత్రి తరలింపు' అని పేరు పెట్టాను. సభ పదింటికి మొదలై పదకొండుకి ముగిసిందని రాశాను. అధ్యక్షుడు సంతకం పెట్టాడు. నేను ఫైలు కట్టేశాను. పదిహేడేళ్ళ అలవాటు. ఇంటికెళ్ళి అత్తయ్యకు అన్నం వడ్డిస్తుంటే మాత్రం ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

"రేపు నన్నూ తీసుకెళ్ళు," అంది ఆవిడ.

"ఎందుకండీ అత్తయ్యా, అక్కడ ఏం ఒరుగుతుంది?"

"అడుగుతున్నారు కదా. అడిగినప్పుడు చెప్పాలి."

ఆవిడ నమ్మకం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తేల్చుకోలేక గిన్నెల మీద చూపించాను.

పొద్దున్నే తొమ్మిదింటికి హాలుకి వెళ్ళేసరికి ఒక్క కుర్చీ లేదు. అధ్యక్షుడి వెంట ఎప్పుడూ ఒక పీఏ తిరుగుతుంటాడు. ఊరంతా 'నీడ' అంటారు, ఎండలో కూడా ఆయన అధ్యక్షుడి వెనకే పడతాడు కాబట్టి. ఆ నీడే రెండొందల కుర్చీలనీ ట్రాక్టరు ఎక్కించి పంపేశాడట. అధ్యక్షులవారు పదవిలో రెండేళ్ళు పూర్తిచేసుకున్న సందర్భంగా పన్నెండింటికి ఫంక్షన్ హాల్లో అభినందన సభ ఉంది. అక్కడ కుర్చీలు చాల్లేదట.

"పదింటికి ఇక్కడ సేకరణ ఉంది కదండీ, జనం ఎక్కడ కూర్చుంటారు?" అన్నాను.

"గంట పనేగా మేడమ్, నిలబడే వింటార్లే. కాళ్ళు నొప్పులు పుడితే ఎవరూ ఎక్కువ మాట్లాడరు, మనకే మంచిది," అన్నాడు నీడ. తన తెలివికి తనే మురిసిపోయాడు. గోడ మీద పద్నాలుగో నియమం మా ఇద్దరి తలల మధ్యే వేలాడుతోంది. దాన్ని రోజూ తుడిపించేదాన్ని నేనే. నాకూ తట్టలేదు. వేదిక మీది మూడు చెక్క కుర్చీలు మాత్రం మిగిలాయి, మా ముగ్గురికీ.

ఎప్పుడూ నలభై దాటని జనం ఆ రోజు రెండొందల పద్నాలుగు మంది వచ్చారు. గుమ్మం దగ్గర పెట్టిన రిజిస్టరులో సంతకాలున్నాయి కాబట్టి సంఖ్య ఖాయం. ఆసుపత్రంటే మరి అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పడే పనే. హాలు కిక్కిరిసిపోయింది. అప్పుడే ఫినాయిల్ నీళ్ళతో కడిగిన నేల ఇంకా ఆరలేదు. మా అత్తయ్య కుర్చీని మా ఆయన ముందుకు తోసి, తను వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకున్నాడు.

అధ్యక్షుడు అరగంట ఆలస్యంగా వచ్చాడు, అభినందన సభ కోసం కుట్టించిన కొత్త కోటుతో. కొత్త భవనంలో గోడలకు ఏ రంగు వేశారో పదినిమిషాలు చెప్పాడు. బస్సుల గురించి ఎవరో అడగబోతే, "అన్నీ ఉంటాయి, అన్నీ చూస్తాం," అన్నాడు. జేబులోంచి కార్డు తీశాడు. రెండేళ్ళుగా అదే కార్డు. తల దించుకుని చదివాడు.

"పద్నాలుగో నియమం ప్రకారం, అభ్యంతరం ఉన్నవారు నిలబడవలసింది. సమ్మతించేవారు కూర్చోవలసింది." మనసులో మూడు అంకెలు లెక్కపెట్టాడు. కార్డు జేబులో పెట్టుకున్నాడు. "చాలా సంతోషం. ప్రజలందరూ..." అంటూ తలెత్తి, అక్కడే ఆగిపోయాడు.

హాలంతా నిలబడి ఉంది.

ముందు అర్థమైంది గడియారాలు బాగుచేసే మేస్త్రీకి. అత్తయ్య దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. "సార్, మేమందరం నిలబడే ఉన్నామండీ," అన్నాడు చాలా వినయంగా. ఒక్క క్షణం తర్వాత నవ్వు మొదలైంది. అది ముందు వరుస నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకీ పాకింది. నీడ వేదిక అంచుదాకా పరిగెత్తాడు.

"కింద కూర్చోండి! సమ్మతించేవాళ్ళు కింద కూర్చోండి!"

"ఫినాయిలండీ బాబూ," అంది ఒకావిడ చీర కాస్త పైకెత్తి చూపిస్తూ. ఎవరూ కూర్చోలేదు. నియమం అంటే నియమం. పదిహేడేళ్ళుగా ఆ నియమమే కదా మేం పైకి పంపిన ప్రతి కాగితాన్నీ పవిత్రం చేసింది! ఇప్పుడు అదే నియమం ప్రకారం ఊరంతా అడ్డం తిరిగింది. లోపల నాకెంత ఆనందం వేసిందో చెప్తే ఉద్యోగం పోతుంది.

నీడ కళ్ళు చిట్లించి జనాన్ని వెతికాడు. వెతగ్గా వెతగ్గా ఆయన ముఖం వెలిగిపోయింది. అధ్యక్షుడి చెవిలో గుసగుసలాడాడు. మైకు ఆఫ్ చెయ్యడం మర్చిపోయారు.

"ఒకరు కూర్చున్నారు సార్!"

మా అత్తయ్య. రెండొందల పద్నాలుగు మందిలో రెండొందల పదమూడు మంది అభ్యంతరం చెప్పారు, ఆసుపత్రి తీసెయ్యడానికి ఒప్పుకున్నది మాత్రం మా అత్తయ్య ఒక్కతే. ఆ ఆసుపత్రి లేకపోతే లేచి నిలబడలేని మనిషి. నవ్వాలో ఏడవాలో తెలీక పెన్ను గట్టిగా పట్టుకున్నాను.

"చూశారా!" అధ్యక్షుడికి ప్రాణం లేచివచ్చింది. "మీ అందరిలోకీ పెద్దావిడ, పెద్ద చదువులు చెప్పినావిడ, ఆవిడ సమ్మతించారు. అమ్మా, మీ విజ్ఞతకి నా నమస్కారం."

"నేను కూర్చున్నది విజ్ఞతతో కాదు నాయనా, మోకాళ్ళు లేక," అంది అత్తయ్య.

"అయితే అభ్యంతరమైతే లేవండమ్మా," అన్నాడు నీడ. "ఎవరైనా కాస్త పట్టుకుని లేపండి ఆవిణ్ణి."

మేస్త్రీ ముందుకొచ్చాడు. మా ఆయన కూడా జనాన్ని తోసుకుంటూ బయల్దేరాడు. అత్తయ్య ఇద్దర్నీ చేత్తో ఆపింది.

"లేవగలను. పందొమ్మిది సెకన్లు. కానీ లేవను. నేను నిలబడాలంటే ఆ ఆసుపత్రి ఉండాలి. అది ఉండాలో వద్దో చెప్పడానికి ముందు నేను నిలబడాలా? నోరుంది, అడగండి, చెప్తాను."

అప్పుడు మా అధ్యక్షుడు, నా చెవులను నేనే నమ్మలేదు, ఒక మహోపన్యాసం మొదలుపెట్టాడు. తలలు లెక్కపెట్టినంత మాత్రాన ప్రజాస్వామ్యం అయిపోదన్నాడు. మనుషులు దేనికి ఒప్పుకుంటున్నారో, దేనికి కాదంటున్నారో వాళ్ళకి తెలిసుండాలన్నాడు. ముందు విషయం చెప్పాలి, చర్చించాలి, ఎదుటివాడి మాట వినాలి, భయం లేకుండా చెప్పనివ్వాలి, అప్పుడే దానికి విలువన్నాడు. కుర్చీలు లేక నిలబడ్డవాళ్ళని వ్యతిరేకులని రాసుకోవడం అన్యాయం, అక్రమం, ప్రజలను అవమానించడమే అన్నాడు.

ప్రతి మాటా నిజం. ఒక్క తప్పు లేదు. పదిహేడేళ్ళుగా మాలో ఎవరికీ తట్టని సత్యాలన్నీ, ఓడిపోయిన అయిదు నిమిషాల్లో ఆయనకి కంఠతా వచ్చేశాయి. రోజూ ఇట్లా ఓడిపోతే ఎంత జ్ఞాని అయ్యేవాడో పాపం!

"చాలా బాగా చెప్పారు," అంది అత్తయ్య. చురక కాదు, నిజంగానే మెచ్చుకుంది. "మరి ఇరవై రెండో నియమం ప్రకారం మినిట్స్ చదివించండి. సభలో ఎవరడిగినా చదివి వినిపించాలని ఉంది."

ఇరవై రెండో నియమం ఉందని నాకూ గుర్తులేదు. ఆవిడకెట్లా తెలుసో మాత్రం తెలుసు. ఒకసారి నియమాల పుస్తకం ఇంటికి తెచ్చి టైపు చేస్తుంటే, తోచక కూర్చున్న ఆవిడ మొత్తం చదివి, ఎర్రపెన్నుతో తప్పులు దిద్దిపెట్టింది.

"ఇంకా రాయలేదు," అన్నాడు నీడ తడుముకోకుండా.

"ఆ నీలం ఫైల్లో కనపడుతున్నదేంటి మరి?" అన్నాడు మేస్త్రీ. చిన్న చిన్న ముళ్ళు చూసి చూసి ఆయన కళ్ళు అలా తయారయ్యాయి.

అందరూ నా వైపు చూశారు. అధ్యక్షుడు తల అడ్డంగా ఊపాడు, బయటికి కనపడకుండా. అత్తయ్య మాత్రం ఏ సైగా చెయ్యలేదు, ఊరికే చూసింది. ఫైలు తెరిచాను. చదివాను.

"అధ్యక్షులవారు ప్రతిపాదనను సవివరంగా తెలియజేశారు. సభికులు శ్రద్ధగా ఆలకించారు." ఎవరో కిసుక్కున నవ్వారు. "సుదీర్ఘ చర్చ అనంతరం ఆసుపత్రి తరలింపును ఏకగ్రీవంగా ఆమోదించారు. వందన సమర్పణతో ఉదయం పదకొండు గంటలకు సభ ముగిసింది."

గోడ గడియారం పదకొండుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మేస్త్రీ తన చేతి గడియారం కూడా చూసుకుని, "ఇంకా అయిదు నిమిషాలుంది, చర్చ మొదలెడదామా సార్?" అన్నాడు. ఈసారి నవ్వు రాలేదు. నవ్వకపోవడానికే నాకు భయం వేసింది. రెండొందల మంది తాము చెయ్యని పనిని తామే చేసినట్టు వినడం అదే మొదటిసారి. వెనకనుంచి ఒకాయన నెమ్మదిగా అడిగాడు, "అమ్మా, మా సందులో లైబ్రరీ తీసేసినప్పుడు కూడా ఇదే రాశారా?" ఇవే నాలుగు వాక్యాలు. తేదీ మాత్రం వేరు.

అధ్యక్షుడు వెళ్ళిపోదామని లేచాడు. వేదికకీ గుమ్మానికీ మధ్య రెండొందల పదమూడు మంది ఉన్నారు. ఎవరూ అడ్డం నిలబడలేదు, నిలబడి ఉన్నారంతే. కుర్చీలే ఉంటే మధ్యలో దారి ఉండేది.

"రాయమ్మా," అన్నాడు మేస్త్రీ నాతో. "రెండొందల పదమూడు మంది వ్యతిరేకం అని రాసెయ్. నియమం ప్రకారమే కదా, పని అయిపోతుంది."

నిజం చెప్తున్నాను, నా చెయ్యి అప్పటికే రాయబోయింది. ఒక్క వాక్యంతో ఆసుపత్రి నిలబడుతుంది. అత్తయ్య లెక్క అరవైకి చేరుతుంది. ఇన్నేళ్ళు వాళ్ళ కోసం అబద్ధం రాశాను, ఒక్కసారి మా కోసం రాస్తే ఏం పోయింది?

"అదీ అడక్కుండా రాసేదేగా," అంది అత్తయ్య.

ఆవిడకి అక్కర్లేదనా? ఆవిడకే అందరికంటే ఎక్కువ కావాలి. అది తెలిసి కూడా అంది. నాకు సిగ్గేసింది. కొత్త కాగితం తీసుకుని, వేదిక దిగి, రిజిస్టరులో మొదటి సంతకం దగ్గర మొదలుపెట్టాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాను. "ఆసుపత్రి ఇక్కడే ఉండాలా, మార్చాలా? ఎందుకు?" అంతే.

అబ్బో, అడిగితే ఎన్ని మాటలో! ఒకావిడ నెలలు నిండిన కూతుర్ని బైపాస్ దాటించడం ఎట్లా అంది. ఒక బట్టల కొట్టాయన మార్చాల్సిందే అన్నాడు, కార్లు నిలిపే చోటు లేక బేరాలన్నీ పక్క వీధికి పోతున్నాయట. పక్కనున్నవాళ్ళు ఆయన మీద విరుచుకుపడబోతే అత్తయ్య కసిరింది, "ఆయన్ని చెప్పనివ్వండి!" అని. ఇంకో ఇద్దరు, మిద్దె మీద మిద్దె కట్టేబదులు పాత మార్కెట్ గోడౌను ఖాళీగా ఉంది కదా, కార్లు అక్కడ పెట్టుకోవచ్చు కదా అన్నారు. ఆ గోడౌను సంగతి మా ఇంజనీర్లకు కూడా తెలీదు. మా ఆయన దగ్గరికొస్తే, "మా అమ్మ ఎట్లా అంటే అట్లా," అన్నాడు. "మీ సంగతి చెప్పండి," అన్నాను. వాళ్ళమ్మ వైపు చూశాడు. తర్వాత, "ఉండాలి," అన్నాడు.

పన్నెండు దాటింది. నీడ ఫోను మోగుతూనే ఉంది. ఫంక్షన్ హాల్లో రెండొందల కుర్చీలు వేసి ఉన్నాయట, కూర్చోవడానికి మనుషులే లేరట. వాళ్ళంతా ఇక్కడ నిలబడి ఉన్నారు మరి. అధ్యక్షుడు కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

ఒంటిగంటకి లెక్క తేలింది. ఆసుపత్రి ఉండాలన్నవాళ్ళు నూట డెబ్భై ఒకరు. మార్చమన్నవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. ఆలోచించుకుని చెప్తామన్నవాళ్ళు అయిదుగురు. "కుర్చీలు లేవు. నియమం చదివారు, దానివల్ల ఏమీ తేలలేదు. తర్వాత అడిగాము," అని పైన రాశాను. చదివి వినిపించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కాళ్ళు లాగుతున్నాయి అందరికీ. అధ్యక్షుడు సంతకం పెట్టాడు. బయటపడే దారి అదొక్కటే కనపడింది ఆయనకి.

పై కార్యాలయంనుంచి వారంలోనే సమాధానం వచ్చింది. నా మినిట్స్ నమూనాకు అనుగుణంగా లేవట. తరలింపు ఫైలు ప్రస్తుతానికి ఆపారు. నాకు మాత్రం ఒక మెమో ఇచ్చారు: 'సమావేశం ముగిసిన తరువాత మినిట్స్ రాసినందుకు' సంజాయిషీ ఇవ్వాలట. ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుందామా అని చూస్తున్నాను. ఇంతకుముందు రాసిన పదిహేడేళ్ళకీ ఎవరూ సంజాయిషీ అడగలేదు.

అడిగింది ఒక్కరే. సేకరణ జరిగిన ఆ సాయంత్రమే, నేను కాఫీ తీసుకెళ్ళి ఇస్తే, అత్తయ్య గ్లాసు పక్కన పెట్టింది.

"పోయిన ఏడాది నా చెయ్యి చూశావు కదూ?"

ఇక దాచడానికి ఏం మిగిలింది? "చూశాను అత్తయ్యా."

"ఏం రాశావు?"

"ఏకగ్రీవం."

తిడుతుందనుకున్నాను. తిడితే బావుండేది. ఆవిడ గోడవైపు తిరిగింది. ఆ గదిలో చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు. ఆర్నెల్ల కిందటిదాకా ఆవిడ మంచం ముందు గదిలో, వీధి కిటికీ పక్కన ఉండేది. సోఫా వేద్దామనుకుని నేనూ మా ఆయనా భోజనాల బల్ల దగ్గర మాట్లాడుకుని దాన్ని వెనక గదిలోకి మార్చేశాం. ఆవిడ అక్కడే, అదే బల్ల దగ్గర, పెరుగన్నం కలుపుకుంటోంది. "అమ్మకేం అభ్యంతరం ఉంటుంది?" అన్నాడు మా ఆయన. అభ్యంతరం ఉంటే చెప్పేది కదా అనుకున్నాను. మనసులో నాలుగు వాక్యాలూ రాసేసుకున్నాను.

"ఇంట్లోనే ఉన్నాను కదే," అంది అత్తయ్య గోడనే చూస్తూ. "అడగొచ్చుగా."

బస్‌స్టాప్ గురించే అంది. కానీ నా కళ్ళు ఆ గదంతా తిరిగి, కిటికీ కోసం వెతికి, ఎక్కడా దొరక్క ఆవిడ దగ్గరికే వచ్చాయి. మంచం అంచున కూర్చోబోయి, మళ్ళీ కూర్చోకుండా ఆవిడకి ఎదురుగా నిలబడ్డాను.

"అత్తయ్యా, మీ మంచం ఎక్కడ వెయ్యమంటారు?"

నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది, కాపీ కొట్టిన పిల్ల మళ్ళీ పరీక్ష రాస్తానంటే చూసినట్టు. తర్వాత, మోచెయ్యి వంచకుండా, నెమ్మదిగా చెయ్యి పైకెత్తింది. ఎత్తి అట్లాగే ఉంచింది. ఈసారి నేను తల దించుకోలేదు.

"చెప్పండి," అన్నాను.

"కిటికీ దగ్గర."

ముందు గదిలోకి వెళ్ళి, సోఫాలో పడుకున్న మా ఆయన్ని లేపాను.